‘దేనికీ పనికిరాను’ అనిపిస్తోంది... డిప్రెషనేనా?

ప్రశ్న: నా వయసు 33. సొంతూరు ప్రొద్దుటూరు దగ్గర. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. నాన్న మందులు, చెల్లి చదువు నేనే చూసుకుంటాను. పెదనాన్న కొడుకులిద్దరూ అమెరికాలో ఉన్నారు. ఊరెళితే ‘ప్యాకేజీ ఎంత, ఫ్లాట్ కొన్నావా’ అనే అడుగుతారు. పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. రెండు నెలలుగా నిద్ర లేదు. దేనికీ పనికిరానని అనిపిస్తోంది. రూమ్మేట్లేమో పట్టించుకోకు అంటారు. ఇది డిప్రెషనా?

సలహా: ముందు నిద్ర సంగతి. దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ దాదాపు రోజంతా, రెండు వారాలకు పైగా ఉండి, తోడుగా నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతింటే డిప్రెషన్‌ని అనుమానిస్తాం. మీరు చెప్పినవి అటువైపే ఉన్నాయి గానీ, ఉత్తరం చూసి తేల్చలేం. సైకియాట్రిస్టును కలవండి. థైరాయిడ్ పరీక్ష కూడా రాయొచ్చు, ఎందుకంటే ఆ హార్మోన్ తగ్గినా నీరసం, దిగులు వస్తాయి.

ఇక ‘పట్టించుకోకు’ అన్న మాట. చెప్పడం తేలికే. 20 సాంస్కృతిక సమూహాల యువతపై జరిగిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. వ్యక్తి స్వేచ్ఛకు విలువిచ్చే పశ్చిమ ఐరోపా లాంటి చోట్ల, తన జీవితం తన చేతుల్లో ఉందన్న భావన ఆత్మగౌరవాన్ని పెంచుతోంది. సంప్రదాయానికి పెద్దపీట వేసే ఆసియా, ఆఫ్రికా సమాజాల్లో, చేయాల్సిన బాధ్యత చేశామన్న తృప్తికి ఆ బలం ఎక్కువ. తమకు సొంతంగా ఏది ముఖ్యమో దానికంటే, చుట్టూ ఉన్నవాళ్లు దేన్ని గొప్పగా చూస్తారన్నదే ఎక్కువగా పనిచేసిందట. డబ్బుతో మనిషిని కొలవకూడదని గట్టిగా నమ్మేవాళ్లు కూడా ప్యాకేజీ మాట రాగానే ముడుచుకుపోయేది అందుకే. ‘నిన్ను నువ్వు ప్రేమించుకో’ అనే వీడియోలు అలాంటివాళ్లకు పెద్దగా అక్కరకొస్తాయని నేననుకోను.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది నాన్న మందులు, చెల్లి చదువు. ఒక్క ముక్కలో తేల్చేశారు! మన ఊళ్లలో హోదా ఒక్కటే కొలబద్ద కాదు, ఇంటి బరువు మోసే కొడుక్కీ మర్యాద ఉంది. బంధువులు మొదటిదే పైకి అడుగుతారు. మీరు దాంతోనే కొలుచుకుంటున్నారు. ఈ విషయం మీ చెల్లితో ఒకసారి మాట్లాడి చూడండి. పెళ్లిళ్లన్నీ మానేయకుండా, మిమ్మల్ని జీతం అడగనివాళ్లు ఉండే ఒకట్రెండింటికైనా వెళ్లండి. తప్పించుకునేకొద్దీ భయం పెరుగుతుంది. నిద్ర కోసం మద్యం తాగడం మాత్రం వద్దు.

హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఓపీ ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా, ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఇంట్లోవాళ్లకో, రూమ్మేట్‌కో చెప్పి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.