టర్నెఫ్ వెళ్తే బ్లూ హోల్ కంటే ముందు మోకాలి లోతు నీళ్లు చూడండి

ఏప్రిల్‌లో వారం రోజులు మధ్య అమెరికాలోని బెలీజ్ దేశంలో టర్నెఫ్ అటాల్‌కి (ఉంగరం ఆకారపు పగడపు దీవుల వరసకి) వెళ్దామనుకుంటున్నారని రాశారు. మీ ఆవిడకి డైవింగ్ సర్టిఫికెట్ ఉంది, మీరు ఫ్లై ఫిషింగ్ (పురుగులా, రొయ్యలా కట్టిన తేలికపాటి నకిలీ ఎర విసిరి చేపలు పట్టడం) కొత్తగా మొదలుపెట్టారు. ఒకే లాడ్జిలో రెండూ కుదురుతాయా, బ్లూ హోల్ అనే సముద్రపు గొయ్యికి ఒక రోజు పెట్టాలా అన్నది మీ ప్రశ్న. రెండూ భేషుగ్గా కుదురుతాయి. మా ఇంట్లో మీకు తలకిందులు: చేపల పిచ్చి నాది, డైవింగ్ పిచ్చి మా ఆయనది. హ్యూస్టన్ నుంచి బెలీజ్ సిటీకి నేరుగా విమానం ఉంది, అక్కడి నుంచి లాడ్జి పడవలో దీవికి గంటన్నర. ఇలాంటి లాడ్జిలు సాధారణంగా శనివారం నుంచి శనివారం దాకా లెక్కన గదులు ఇస్తాయి, కాబట్టి సెలవులు అలాగే పెట్టుకోండి.

బుక్ చేసేటప్పుడు మిమ్మల్ని ఒక మాటతో మభ్యపెడతారు. డైవింగ్ ప్యాకేజీ తీసుకుని, ఫిషింగ్ ఒక పూట “యాడ్ ఆన్” చేసుకోండి అంటారు. మాకూ ఒక ట్రావెల్ ఏజెంటు అదే చెప్పాడు. ఒప్పుకోకండి. ఫిషింగ్ ఖరీదు ఎక్కువే, ఎందుకంటే డైవింగ్ పడవలో పదిమందిని ఎక్కించుకోవచ్చు, ఫ్లాట్స్ (లోతు తక్కువ ఉండే చదును నీళ్లు) మీదికి వెళ్లే చిన్న పడవలో ఒక గైడుకి ఇద్దరే. కానీ ఆ గైడే మీ ట్రిప్పు మొత్తం. ఒక పూటలో గాలి ఎటు వీస్తోందో కూడా అర్థం కాదు. కనీసం మూడు పూర్తి రోజులు గైడుతో పెట్టుకోండి. అందుకోసం గది చిన్నది తీసుకోవాల్సి వచ్చినా ఫర్వాలేదు. గదిలో ఎలాగూ నిద్ర తప్ప ఇంకేం చేయరు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఒక పొద్దున సంగతి చెప్పాలి.

అటాల్ తూర్పు అంచున, పగడపు దిబ్బకి లోపలి వైపు, గడ్డి, విరిగిన పగడపు ముక్కలు కలిసిన గట్టి నేల ఉంటుంది. కాలు కూరుకుపోదు, నడవొచ్చు. పోటు అప్పుడే మొదలైంది. నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. మా గైడు పడవని లంగరు వేసి, నా పక్కన నడుస్తున్నాడు. వాళ్ల నాన్న శంఖాలు, లాబ్‌స్టర్లు పట్టి బతికినవాడు, ఇతను అదే నీళ్లలో గైడు. అడుగు ఎత్తి వేయొద్దు, నేలకి రాస్తూ జరుపు అన్నాడు. ఇసుకలో టేకు చేప (స్టింగ్‌రే) పడుకుని ఉంటే పాదం తగిలి జరిగిపోతుంది, మీద తొక్కితేనే ముల్లు గుచ్చుతుంది. ఇది మీరూ గుర్తుపెట్టుకోండి.

ఉన్నట్టుండి ఆగి, “పది గంటల వైపు, అరవై అడుగులు, తోకలు” అన్నాడు. గడియారంలో పది ఉండే వైపు, అంటే ముందుకి, ఎడమ పక్కకి. నాకు నీళ్లు తప్ప ఏమీ కనపడలేదు. “నీళ్ల పైభాగం చూడకు, అడుగు చూడు” అన్నాడు. అలా చూస్తూ ఉండగా ఒక తోక కొస నీళ్ల మీదికి వచ్చి, అగ్గిపుల్ల గీసినట్టు మెరిసి ఆరిపోయింది. తర్వాత ఇంకోటి. తర్వాత నాలుగైదు కలిసి. బోన్‌ఫిష్ గుంపు తల కిందికి పెట్టి, నేలలోని పీతల్ని, రొయ్యల్ని తవ్వుకు తింటోంది. నీళ్లు తక్కువ కాబట్టి తోకలు బయటికొస్తున్నాయి.

నా దారం చివర ఉన్న ఫ్లై గోటి కంటే కాస్త పెద్దది, లేత గోధుమ రంగు. కళ్ల చోట రెండు చిన్న లోహపు పూసలు. ఆ బరువుకి ఫ్లై వెల్లకిలా తిరిగి, గాలం ముల్లు పైకి ఉండేలా అడుగున కూర్చుంటుంది, గడ్డికి చిక్కుకోదు. గుంపు మా వైపే వస్తోంది. నలభై అడుగుల దూరానికి వచ్చేదాకా అతను నన్ను విసరనివ్వలేదు. గాలి ఎడమ పక్కనుంచి కొడుతోంది. విసిరాను, మొదటి చేపకి మూడు నాలుగడుగుల ముందు పడింది. “ఆగు... ఆగు... ఇప్పుడు లాగు, మెల్లిగా, ఇంకా మెల్లిగా.” ఒక చేప గుంపులోంచి విడిపోయి వచ్చి, తల వంచింది. లైను బిగుసుకుంది. ఇక్కడ రాడ్ పైకి ఎత్తకూడదు, ఎత్తితే ఫ్లై చేప నోటికి అందకుండా పైకి లేస్తుంది. రాడ్ కొస నీళ్ల వైపే ఉంచి ఎడమ చేత్తో లైను గట్టిగా వెనక్కి గుంజాలి. గుంజాను.

ఆ తర్వాత జరిగింది చూడ్డానికైనా మీరు వెళ్లాలి. ఆ చేప రెండు కిలోలు కూడా ఉండదు. కాళ్ల దగ్గర పడి ఉన్న లైనంతా లేచిపోయింది, రీలు అరుస్తోంది, రంగు లైను మొత్తం అయిపోయి, కింద చుట్టిన తెల్లటి బ్యాకింగ్ దారం నా కళ్లముందే బయటికి పోతోంది. గోదావరి పాయల్లో చిన్నప్పటి నుంచి గాలం వేశాను, టెక్సాస్ తీరంలో రెడ్‌ఫిష్ పట్టాను. ఆ సైజు చేప అంత దూరం పోవడం ఎక్కడా చూడలేదు. దాక్కోవడానికి ఆ నీళ్లలో చోటే లేదు. బరకూడా, షార్క్ వస్తే పరుగొక్కటే దారి. దాని ఒళ్లంతా పరుగు కోసమే తయారైంది.

దగ్గరికి వచ్చాక గైడు తొందరపెట్టాడు. నెత్తురు వాసన లేకపోయినా, చేప అలసిపోయిందని బరకూడాలకి తెలిసిపోతుందట. చేతులు తడుపుకుని, చేపని నీళ్లలోనే పట్టుకున్నాను. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోతుంది. పొలుసులు నేల రంగునే తిప్పి చూపిస్తున్నాయి, అందుకే అంతసేపూ కనపడలేదు. నోరు ముక్కు కింద అడుగు వైపు ఉంది, నేల తవ్వుకునే చేప కదా. పీత చిప్పల్ని నలగ్గొట్టే గట్టి పలకలు గొంతులో ఉంటాయని గైడు చెప్పాడు. ముల్లు తీసి, తలని నీటి వాలుకి ఎదురుగా పెట్టి వదిలితే, వెళ్లిపోయింది.

దీని గురించి యానాంలో మా మేనమామకి ఫోన్‌లో చెప్తే, “అంత దూరం పోయి, అంత డబ్బు పోసి, పట్టిన చేపని వదిలేశావా? అదేం వేటే అమ్మాయ్!” అన్నాడు. మీకూ ఇంట్లో ఈ మాట తప్పదు. మా మామ పులస కోసం పుస్తెలమ్మే రకం, ఆయన్ని తప్పుపట్టను. కానీ నాకీ విషయంలో రెండో ఆలోచన లేదు. బెలీజ్‌లో 2009 నుంచి బోన్‌ఫిష్, పర్మిట్, టార్పన్ అనే ఈ మూడు రకాల చేపల్నీ పట్టి వదిలేయాలని చట్టం ఉంది. ఆ చేప బతికి ఉంటేనే వచ్చే వారం ఇంకొకరు దాని కోసం విమానం ఎక్కుతారు, గైడుకి పని ఉంటుంది. అమ్మితే ఆ చేపకి ఒక పూట కూలి డబ్బులు కూడా రావు. గైడు వాళ్ల నాన్న రోజుల్లో నీళ్లు ఖాళీ అవుతుంటే ఇంకా దూరం పోయేవాళ్లట. ఈయన రోజూ ఇంటి వెనక నీళ్లకే వెళ్తున్నాడు. 2012లో టర్నెఫ్ మొత్తాన్ని సముద్ర రిజర్వుగా ప్రకటించారు, 2020లో దేశమంతటా చేపల మొప్పలు చిక్కుకునే గిల్ నెట్ వలల్ని నిషేధించారు. సుమారు నాలుగు లక్షల జనాభా ఉన్న దేశం ఇవన్నీ చేయగలిగింది.

ఆ పొద్దున మేం నడిచిన ఫ్లాట్ వెనక అంతా మడ అడవి. చేపపిల్లలు ఆ వేళ్ల మధ్యే పెరుగుతాయి. బెలీజ్ పగడపు దిబ్బకి 1996లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. మడ చెట్లు నరికి, స్థలాలు అమ్ముకోవడం మొదలయ్యాక 2009లో ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలోకి వెళ్లింది. సముద్రంలో చమురు కోసం వెతకడాన్ని నిషేధించి, మడల్ని కాపాడే నిబంధనలు తెచ్చాక 2018లో అందులోంచి బయటపడింది. నాకు అక్కడ నిలబడి కోరంగి గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? మా చిన్నప్పుడు కాకినాడ నుంచి వెళ్లే దారిలో చూసిన మడలు, వాటి పక్కనే ఏటికేడాది పెరిగిన రొయ్యల చెరువులు. కోరంగి అభయారణ్యం 1978 నుంచి ఉంది కాబట్టి ఆ మాత్రం మిగిలింది. అభయారణ్యం గీత బయట ఉన్నవి ఏమయ్యాయో గోదావరి, కృష్ణా లంకల్లో పుట్టినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మన పండుగప్ప పిల్లలు కూడా మడల్లోనే కదా పెరిగేది. ఆ చెట్లు పోయాక చేప ధర పెరిగిందని ఏడిస్తే ఏం లాభం?

సరే, ఇక బ్లూ హోల్.

నా మాట వింటే దానికి రోజు పెట్టకండి. మూడువందల మీటర్ల వెడల్పు, దాదాపు 125 మీటర్ల లోతు ఉన్న గుండ్రటి గొయ్యి అది. మంచుయుగంలో సముద్రం కిందికి దిగి ఉన్నప్పుడు పొడి నేల మీద ఏర్పడిన గుహ, తర్వాత పైకప్పు కూలి నీళ్లు నిండాయి. 1971లో ఫ్రెంచి సముద్ర పరిశోధకుడు జాక్ కూస్తో తన ఓడ కాలిప్సో తీసుకుని వచ్చాక దాని పేరు ప్రపంచమంతా తెలిసింది. పై నుంచి విమానంలో చూస్తే అద్భుతమే. కిందికి దిగితే, ఆ వేలాడే సున్నపురాళ్లు నలభై మీటర్ల దగ్గర ఉంటాయి, రిక్రియేషనల్ డైవింగ్‌కి అదే చివరి హద్దు. అక్కడ ఉండగలిగేది కొద్ది నిమిషాలే. చేపలు పెద్దగా ఉండవు, ఇంకా లోతుకి పోతే నీళ్లలో ప్రాణవాయువే ఉండదు. అది టర్నెఫ్‌లో లేదు, ఇంకా తూర్పున లైట్‌హౌస్ రీఫ్‌లో ఉంది. పోయి రావడానికి ఆ రోజంతా పోతుంది, గాలి ఉంటే వాంతులు కూడా. మా ఆయన దాని కోసం ఎన్నాళ్లుగానో కలలు కన్నాడు. దిగి వచ్చాక ఆయన మాట్లాడిందంతా అదే రోజు తర్వాత దిగిన హాఫ్ మూన్ కే అనే దీవి పక్కన ఉన్న నిట్టనిలువు పగడపు గోడ గురించే. మీ ఆవిడకి లోతు డైవ్‌ల అనుభవం లేకపోతే అసలు వద్దే వద్దు.

దానికి బదులు టర్నెఫ్ దక్షిణ కొనలో ఎల్బో అనే చోటు అడగండి. ప్రవాహాలు కలిసే చోటు అది. స్నాపర్ చేపలు గుంపులు గుంపులుగా, అదృష్టం బాగుంటే ఈగిల్ రేలు (రెక్కలాడిస్తూ ఈదే టేకు జాతి చేపలు) వరసకట్టి కనిపిస్తాయి. ప్రవాహం బలంగా ఉంటుంది కాబట్టి, తొలి రెండు రోజులు తేలిక చోట్ల దిగి, అలవాటు పడ్డాకే అక్కడికి. ఇంకో సంగతి, డైవ్‌కి వెళ్లినవాళ్లు లయన్‌ఫిష్ పొడిచి తెచ్చారు, రాత్రి నిమ్మరసంలో నానబెట్టి సెవీచే చేసి పెట్టారు. అది మన హిందూ, పసిఫిక్ మహాసముద్రాల వైపు చేప, కరీబియన్‌లోకి చొరబడి అక్కడి చేపపిల్లల్ని తినేస్తోంది. ముళ్లలో విషం, మాంసంలో ఉండదు. ఎంత తింటే అంత పుణ్యం. మా మామకి ఈ భాగం నచ్చింది.

రోజుల వరస మాత్రం జాగ్రత్తగా వేసుకోండి. డైవింగ్ ముందు, ఫిషింగ్ చివర. చాలా రోజులు వరసగా డైవ్ చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలని డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చెప్తుంది, చాలామంది 24 గంటలు పాటిస్తారు. శనివారం విమానమైతే శుక్రవారం ఆవిడ నీళ్లలోకి దిగకుండా మీతో పాటు ఫ్లాట్స్ మీదికి రావచ్చు. మా ఆయన అలాగే వచ్చాడు, రాడ్ పట్టుకోలేదు, కానీ నా కంటే ముందు తోకలు చూడటం నేర్చుకున్నాడు.

మీ ఆవిడకి డైవింగ్ వచ్చని చదివి నిజంగా సంతోషించాను. మా తరంలో సముద్రం పక్కనే పుట్టి ఈత రాని ఆడపిల్లలు ఎంతమంది! మా వీధిలో మగపిల్లలందరూ కాలవలో ఈదేవాళ్లు, మమ్మల్ని గట్టు దిగనిచ్చేవాళ్లు కాదు. నేను ఈత నేర్చుకుంది అమెరికా వచ్చాక, ముప్పై దాటాక. పిల్లలుంటే ఇప్పుడే నేర్పించండి, ఆడపిల్లకి ముందు నేర్పించండి.

ఇక మీ గురించి. కొత్తగా మొదలుపెట్టానన్నారు. వెళ్లే ముందు రెండు నెలలు, వారంలో మూడు సాయంత్రాలు, పార్కులో గడ్డి మీద విసరడం ప్రాక్టీస్ చేయండి. గాలి లేని రోజు కాదు, గాలి ఉన్న రోజే. అక్కడ గాలి లేకుండా ఉండదు. ఎనిమిదో నంబరు రాడ్ చాలు బోన్‌ఫిష్‌కి, పర్మిట్ కనపడితే తొమ్మిదో పదో కావాలి, గైడు పడవలో ఉంటుంది, అడిగి తీసుకోండి. ఒకే రోజు బోన్‌ఫిష్, పర్మిట్, టార్పన్ మూడూ పడితే గ్రాండ్ స్లామ్ అంటారు. మొదటి ట్రిప్పులో ఆ పేరే ఎత్తకండి, టెన్షన్ తప్ప ఏమీ రాదు. పోలరైజ్డ్ కళ్లద్దాలకి మాత్రం పిసినారితనం చేయకండి. రాగి రంగు అద్దాలు తీసుకోండి, బూడిద రంగువి వద్దు. నీళ్లలో నడవడానికి గట్టి అడుగున్న బూట్లు, మెడ దాకా కప్పే పొడుగు చేతుల చొక్కా. ఏప్రిల్ మంచి నెలే ఎంచుకున్నారు, చలికాలపు ఉత్తరపు గాలులు తగ్గి ఉంటాయి, తుపానుల సీజన్ జూన్‌లో గానీ మొదలవదు. గదులు తొందరగా అయిపోతాయి, ఈ వారంలోనే ఫోన్ చేసి, ఏ గైడు ఖాళీగా ఉన్నాడని మొదట అడగండి, గది సంగతి తర్వాత.