తక్కువ మార్కులతో యూనివర్సిటీలో సీటు వస్తుందా?

ప్రశ్న: హైస్కూల్లో మొదట్లో నాకు మార్కులు బాగా తక్కువ వచ్చాయి. చివరి ఏడాది మెరుగుపడ్డాను గానీ, లెక్కల్లో ఇంకా వెనకబడే ఉన్నాను. ఇంజినీరింగ్ చదవాలని ఉంది. నాకు అవకాశం ఉంటుందా?

జవాబు: ఉంటుంది. అయితే ప్రవేశ నిబంధనల్లో కనిపించే కనీస మార్కులు సాధారణంగా దరఖాస్తుకు అర్హత మాత్రమేననీ, పోటీ ఎక్కువగా ఉన్న కోర్సుల్లో సీటు దక్కినవారి మార్కులు అంతకంటే చాలా పైన ఉంటాయనీ గుర్తుంచుకోండి.

మీ విషయంలో నాకు ఆందోళన కలిగిస్తున్నది మొత్తం సగటు కాదు, లెక్కలు. సగటు ఎంత బాగున్నా, కోర్సుకు తప్పనిసరైన సబ్జెక్టులో నిర్దేశించిన గ్రేడు లేకపోతే దరఖాస్తు చాలాచోట్ల తొలి పరిశీలనలోనే ఆగిపోతుంది. కాబట్టి లెక్కల పరీక్ష మళ్లీ రాసే వీలుంటే తప్పకుండా రాయండి. రెండింటిలో మెరుగైన మార్కునే తీసుకుంటారా, రెండూ చూస్తారా అన్నది మాత్రం ముందే యూనివర్సిటీని అడిగి తెలుసుకోండి.

చివరి ఏడాది మీరు సాధించిన మెరుగుదల, దరఖాస్తును మనుషులు చదివి నిర్ణయించే చోట నిజంగా పనికొస్తుంది. కేవలం మార్కుల వరుసలో సీట్లు కేటాయించే చోట దానికి విలువ ఉండదు. అనారోగ్యం వంటి కారణం ఉంటే, ఆధారంతో సహా రెండు మూడు వాక్యాల్లో చెప్పండి. సంజాయిషీ పొడవు పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది.

నేరుగా సీటు రాకపోతే, డిగ్రీకి ముందు పునాది వేసే ఫౌండేషన్ కోర్సు చేయవచ్చు, లేదా చిన్న కాలేజీలో చేరి తర్వాత బదిలీ కోరవచ్చు. అప్పుడు కాలేజీ మార్కులకే ఎక్కువ ప్రాధాన్యం ఉంటుంది. బ్రిటన్‌లో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ, చాలా డిగ్రీ కోర్సులకు పాత మార్కులు అసలు అడగదు.