అజర్‌బైజాన్ వారి చల్లని సూప్ ‘ఓవ్దుగ్’ నీళ్లోడకుండా ఎలా చేయాలి?

తప్పంతా ఉప్పు వేసే వేళలోనే ఉంటుంది. తరిగిన కీరాకు ముందే ఉప్పు తగిలితే నీరు ఊరిపోయి సూప్ పలచబడుతుంది, ముక్క కరకరలాడదు.

నలుగురికి: ముప్పావు లీటరు పెరుగును (అక్కడ ‘గాతిగ్’ అంటారు) ఉండల్లేకుండా చిలికి, అర లీటరు చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా కలపండి. 3 కీరాలు, 2 ఉడికించిన గుడ్లు సన్నగా తరగండి. ఉల్లికాడలు, కొత్తిమీర, సోయకూర ధారాళంగా వేయండి. దీని రుచంతా సోయకూరదే. ఒక వెల్లుల్లి రెబ్బ నూరి పెరుగులో కలిపి, గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. ముక్కలు, ఉప్పు వడ్డించే ముందే.

ఉడికించిన గొడ్డుమాంసం కూడా వేస్తారు. కొవ్వు లేనిదే వాడండి, చల్లదనానికి కొవ్వు పేరుకుని నాలుకకు అంటుకుంటుంది. బియ్యం వేసి కాచే అక్కడి మరో పెరుగు సూప్ ‘దోవ్గా’ వేరు.