దావా కొట్టేశారు, పాస్‌బుక్ ఇప్పుడు చూపించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు 2017లో రెండెకరాల మెట్ట పొలానికి 30 లక్షలకు క్రయ అగ్రిమెంటు రాయించుకొని, 10 లక్షలు బయానా ఇచ్చారు. యజమాని సర్వే చేయించకుండా జాప్యం చేయడంతో 2019లో దావా వేశాం. మిగతా సొమ్ముతో సిద్ధంగా ఉన్నట్టు రుజువు కాలేదని గత నెలలో కొట్టేశారు. అప్పట్లో డబ్బున్నట్టు చూపే పాస్‌బుక్ ఇంట్లోనే ఉంది, దాఖలు చేయలేదు. అప్పీలు చేయవచ్చా? ఈలోగా ఆయన పొలం అమ్మేస్తే?
– ఒక పాఠకుడు, బాపట్ల జిల్లా

జవాబు: చేసుకోవచ్చు. జిల్లా కోర్టుకైతే గడువు 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. ఎక్కడికన్నది దావా విలువను బట్టి ఉంటుంది. తీర్పు, డిక్రీ (తీర్పును అమలుకు వీలుగా రాసిన కోర్టు ఉత్తర్వు) నకళ్లకు పట్టిన కాలాన్ని గడువులోంచి మినహాయిస్తారు కనుక, కాపీ దరఖాస్తు ఇంకా పెట్టకపోతే రేపే పెట్టించండి.

చిక్కంతా పాస్‌బుక్ దగ్గరే ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 27 ప్రకారం అప్పీలులో కొత్త సాక్ష్యం తీసుకోవాలంటే, కింది కోర్టు దాన్ని అన్యాయంగా నిరాకరించి ఉండాలి, లేదా ఎంత శ్రద్ధ పెట్టినా అప్పుడు తేలేకపోయామని మీరు చూపాలి, లేదా తీర్పు చెప్పడానికి అది అవసరమని అప్పీలు కోర్టే భావించాలి. బీరువాలో ఉన్న పుస్తకానికి మొదటి రెండూ వర్తించవు. మూడోది మీ చేతిలో లేదు. పిటిషన్ వేయండి గాని, దాని మీదే ఆశ పెట్టుకోకండి. అంతకన్నా, ప్రతివాది క్రాస్ ఎగ్జామినేషన్‌ను మీ వకీలు చేత మాట మాటా చదివించండి. సర్వే చేయించలేదని ఆయన ఒక్కచోట ఒప్పుకున్నా, రిజిస్ట్రేషన్ చేయమంటూ మీరిచ్చిన లీగల్ నోటీసు ఎగ్జిబిట్‌గా (కోర్టు రికార్డులో సాక్ష్యంగా) ఉన్నా, మొదటి అప్పీలులో వాస్తవాలను కూడా తిరిగి పరిశీలిస్తారు కాబట్టి, అదే మీకు బలం. పైగా, ఒప్పందాలను అమలు చేయించుకోవడానికి సంబంధించిన స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 16(సి) వివరణ ప్రకారం, కోర్టు ఆదేశిస్తే తప్ప, సొమ్ము తెచ్చి కట్టి చూపాల్సిన పనిలేదు.

కొట్టేసిన దావాలో స్టే ఇవ్వడానికి అమలయ్యేదేమీ ఉండదు. పొలం అన్యాక్రాంతం చేయకుండా అప్పీలుతోపాటే తాత్కాలిక ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) కోరాలి. అయినా అమ్మితే, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 కింద కొన్నవారు అప్పీలు ఫలితానికి కట్టుబడాల్సిందే.

బయానా వాపసును ప్రత్యామ్నాయంగా అడిగారో లేదో మీరు రాయలేదు. అడగకపోతే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 22 ఏ దశలోనైనా దావా సవరణకు వీలిస్తుంది. ఆ పిటిషన్ కూడా అప్పీలుతోనే వేయించండి.