లింకన్ కారు కొంటానంటున్న అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. 1964 మోడల్ లింకన్ కాంటినెంటల్ కారు, కన్వర్టిబుల్ (టాప్, అంటే పైకప్పు, మడిచేసుకునే రకం), నల్ల రంగు, లోపల ఎర్ర లెదర్, మోజు పడ్డావంటే పడవా మరి. మీ అత్తయ్య ఫోన్ లాక్కుని చూసి ఇదేంటి వెనక తలుపులు రివర్స్‌లో తెరుచుకుంటున్నాయి అంది. మీ అమ్మ మాత్రం నిన్న రాత్రి ఫోన్ చేసి, అరవై ఏళ్ల పాత బండికి అంత డబ్బా అన్నయ్యా, నువ్వైనా గడ్డి పెట్టు వాడికి అని మొదలుపెట్టింది. నేను వద్దని చెప్పనులే. కొనుక్కో. కాకపోతే ఏం చూసి కొనాలో, కొన్నాక డబ్బు ముందు ఎక్కడ పెట్టాలో చెప్తా, విన్నాక నీ ఇష్టం.

నువ్వు మెసేజ్‌లో మొత్తం ఇంజన్ గురించే అడిగావు. అందరూ అదే అడుగుతారు. ఆ బండిలో ఇంజన్ అసలు గొడవే కాదురా. 430 క్యూబిక్ అంగుళాల వీ8, 320 హార్స్‌పవర్, దున్నపోతు లాంటి ఇంజన్. 61లో ఈ మోడల్ వచ్చినప్పుడు ప్రతి ఇంజన్నీ స్టాండ్ మీద మూడు గంటలు నడిపి చూసేవాళ్ళు, ఆ తర్వాత ప్రతి బండినీ 12 మైళ్ళు రోడ్డు మీద తిప్పి గానీ బయటికి పంపేవాళ్ళు కాదు, అందుకే రెండేళ్ళు లేదా 24,000 మైళ్ళ వారంటీ ధైర్యంగా ఇచ్చారు, ఆ రోజుల్లో అది చాలా పెద్ద విషయం. ఇంజన్ పాడైతే బాగుచేసే మెషిన్ షాపులు ఈ దేశంలో ప్రతి ఊళ్ళో ఉన్నాయి, పిస్టన్లు గాస్కెట్లు దొరుకుతాయి. లగ్జరీ కారులో నిన్ను ఏడిపించేది లగ్జరీయే. పవర్ కిటికీలు, పవర్ సీట్లు, ఏసీ, వాక్యూమ్ గొట్టాలు, క్రోమ్, ఇంక కన్వర్టిబుల్ అయితే ఆ టాప్. వీటిల్లో ఎన్ని పనిచేస్తున్నాయో చూసి బండి కొను, ఇంజన్ సౌండ్ విని కాదు.

ముందు టాప్ సంగతి. నువ్వు వీడియోలో చూసి మురిసిపోయింది అదేగా. బటన్ నొక్కగానే డిక్కీ మూత తాళాలు వాటంతటవే ఊడతాయి, మూత ముందు వైపు నుంచి పైకి లేస్తుంది (మన మామూలు బండ్లకి తిరగేసి అన్నమాట), విండ్‌షీల్డ్ మీద టాప్‌ని పట్టుకున్న స్క్రూలు మోటార్‌తో విడిపోతాయి, టాప్ లేచి మడతపడి డిక్కీలోకి దిగుతుంది, మూత మళ్ళీ మూసుకుని లాక్ అవుతుంది. దీని వెనక హైడ్రాలిక్ సిలిండర్లు, పంపు, మోటార్లు, బోలెడన్ని రిలేలు (కరెంటుతో వాటంతటవే పడే స్విచ్‌లు), లిమిట్ స్విచ్‌లు (ఏ భాగమైనా చివరిదాకా కదిలిందని చెప్పేవి) ఉన్నాయి. కంప్యూటర్ లేదు, ఏమీ లేదు. ఇటుకలు అందించుకునే కూలీల వరస చూశావు కదా, ఒక్కడు చెయ్యి దించితే వెనకున్న వాళ్ళందరూ ఆగిపోతారు, సరిగ్గా అంతే. మూత పూర్తిగా లేచిందని ఒక స్విచ్ చెప్తే గానీ టాప్ మోటార్‌కి కరెంటు వెళ్ళదు, టాప్ పూర్తిగా దిగిందని ఇంకోటి చెప్తే గానీ మూత దిగదు. అందుకని సగంలో ఆగిపోయిందంటే మొత్తం పాడైందని కాదు, ఎక్కడో ఒక స్విచ్ పావు అంగుళం జరిగి ఉంటుంది, లేదా ఎర్త్ వైరు తుప్పు పట్టి ఉంటుంది.

చాలామంది చేసేదేంటంటే కంగారుపడి రిలేలన్నీ ఒకేసారి మార్చేస్తారు, ఉన్న సమస్య అలాగే ఉంటుంది, పైగా వైర్లు తప్పుగా పెట్టి కొత్తది ఒకటి తెచ్చుకుంటారు. నువ్వు అలా చెయ్యకు. ఫోర్డ్ వాళ్ళ పాత షాప్ మాన్యువల్ రీప్రింట్లు దొరుకుతాయి, అందులో ఏ స్టెప్ తర్వాత ఏ స్టెప్పో వైరింగ్ బొమ్మతో సహా ఉంటుంది. ఫుల్ చార్జ్ ఉన్న బ్యాటరీ పెట్టు (వీక్ బ్యాటరీతో ఈ టాప్ జోలికి అస్సలు వెళ్ళకు), డిక్కీ దగ్గర ఒకళ్ళని నిలబెట్టు, స్విచ్ నొక్కి టక్‌మని ఏ రిలే కొట్టిందో విను, ఏది కొట్టలేదో టెస్ట్ లైట్ పెట్టి చూడు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివావు కదా, ఎప్పుడైనా పనికొస్తుంది. కానీ మూత లేచి ఉండగా చేతులు లోపల పెట్టి ఇంకొకళ్ళని బటన్ నొక్కమనడం మాత్రం చచ్చినా చెయ్యకు, ముందు బ్యాటరీ వైరు తీసెయ్యి.

ఇంకో చిన్న విషయం, చాలామందికి తెలియదు. కన్వర్టిబుల్‌లో వెనక తలుపు హ్యాండిల్ లాగితే ఆ తలుపు అద్దం దానంతటదే కొంచెం కిందికి దిగాలి, లేకపోతే ముందు అద్దానికి తగులుతుంది. చూడ్డానికి వెళ్ళినప్పుడు అది దిగుతుందో లేదో చూడు. దిగకపోతే అమ్మేవాడు "ఓ అదా చిన్న రిపేరే" అంటాడు. చిన్నదైతే వాడే చేయించేవాడుగా.

అసలు నా ఓటు సెడాన్‌కి, అంటే కప్పు కదలని రకానికి. 64లో కన్వర్టిబుల్స్ చేసింది 3,328 మాత్రమే, అందుకే వాటికి ఆ రేటు. ఒక మంచి కన్వర్టిబుల్ డబ్బుకి రెండు మంచి సెడాన్లు వస్తాయి, అవే తలుపులు, అదే ఇంజన్, వెనక సీట్లో అదే కాళ్ళు చాపుకునే చోటు (64లో వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, మూడు అంగుళాలు పెంచి 126 చేశారు, ఆ మూడూ వెనక కూర్చున్న వాళ్ళకే దక్కాయి). పైగా డల్లాస్ ఎండలో జులైలో టాప్ తీసి తిరుగుతావా నువ్వు? నా దగ్గరుంది 65 సెడాన్ అని తెలుసుగా నీకు. దానికి ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి, ఆ ఒక్క కారణానికే 64 కంటే 65 మేలని నేనంటాను. సరే, నువ్వు వినవని తెలుసు, ముందుకెళ్దాం.

తుప్పు. ఇది మాత్రం చాలా సీరియస్‌గా తీసుకో. ఈ బండికి విడిగా చాసిస్ ఫ్రేమ్ లేదు, బాడీయే ఫ్రేమ్. అంటే తలుపుల కింద రాకర్లు, నేల రేకు, డిక్కీ నేల తుప్పు పట్టాయంటే అది అందం విషయం కాదు, బండి వెన్నెముకే పోయినట్టు. మా మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి ఇక్కడి బండ్లు కింద నుంచి తినేసి ఉంటాయి. టెక్సాస్, అరిజోనా బండ్లకి లోహం బావుంటుంది కానీ డాష్‌బోర్డు, సీట్లు, రబ్బర్లు ఎండకి పెళుసెక్కి పోతాయి. ఆ రెండిట్లో నేను కళ్ళు మూసుకుని ఎండకి ఎండిన బండే తీసుకుంటా, లెదర్ కుట్టించడం కంటే రేకు అతకడం చాలా ఖరీదు. ఫ్రిజ్ మాగ్నెట్ ఒకటి జేబులో వేసుకెళ్ళి రాకర్ల మీద, చక్రాల చుట్టూ పెట్టి చూడు, అతుక్కోకపోతే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. ఆ తర్వాత బండిని లిఫ్ట్ మీదికి ఎక్కించమని అడుగు, పైకి లేపిన తర్వాత నాలుగు తలుపులూ తీసి వేసి చూడు. కింద ఉన్నప్పుడు హాయిగా పడిన తలుపు పైన ఉన్నప్పుడు ఇరుక్కుంటోందంటే బాడీ వంగుతోంది, థాంక్యూ చెప్పి వచ్చేసెయ్. కన్వర్టిబుల్‌కి పైన కప్పు బలం కూడా ఉండదు కాబట్టి ఈ టెస్ట్ తప్పనిసరి.

కొన్నాక డబ్బు మొదట బ్రేకులకి, రంగుకి కాదు. 64లో నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, బ్రేకు ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ ఒకటే సర్క్యూట్. అంటే ఏదో ఒక చక్రం దగ్గర రబ్బరు హోస్ పగిలితే నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. రెండు సర్క్యూట్లు ఇక్కడి బండ్లన్నిటికీ వచ్చింది 67 మోడల్స్ నుంచి. రెండున్నర టన్నుల బండి, హైవే మీద బ్రేకు నేలకి దిగిపోతే ఎలా ఉంటుందో ఆలోచించు. హోసులు, వీల్ సిలిండర్లు, మాస్టర్ అన్నీ కొత్తవి వేయించు, వీలైతే డ్యూయల్ మాస్టర్‌కి మార్పించు, ఒరిజినాలిటీ పోతుందని ఎవడైనా అంటే పోనీ. తర్వాత టైర్లు. గీతలు ఎంత బావున్నా సరే పక్కన నాలుగంకెల తేదీ కోడ్ చదువు, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం, పదేళ్ళు దాటితే తీసి పారెయ్. తెల్ల పట్టీ టైర్లు చాటనూగాలో కోకర్ టైర్ వాళ్ళు ఇప్పటికీ అమ్ముతున్నారు. ఆ తర్వాత పెట్రోలు గొట్టాలు. ఇప్పటి పెట్రోల్లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అప్పటి రబ్బరు దానికి తట్టుకోదు, మెత్తబడి కారుతుంది, వేడి ఇంజన్ మీద కారిందంటే ఇంక చెప్పక్కర్లేదు. గొట్టాలన్నీ మార్పించు, సీటు కింద చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి పెట్టుకో. ఇంజన్ ఆయిల్ జింక్ ఎక్కువ ఉన్నది పొయ్యి, పాత కామ్‌షాఫ్ట్‌లకి అది కావాలి. ఇంతకంటే ఇంజన్ గురించి చెప్పడానికేం లేదు.

వైపర్లు చూసి భయపడకు. అవి కరెంటు మోటార్‌తో తిరగవు, పవర్ స్టీరింగ్ పంపు నుంచి వచ్చే ఆయిల్ ఒత్తిడితో తిరుగుతాయి, అందుకే అంత నిశ్శబ్దంగా మెల్లగా ఊగుతాయి. అక్కడ లీకైతే స్టీరింగ్ ఆయిల్ ఎక్కడికి పోతోందో తెలియక జనం జుట్టు పీక్కుంటారు. నీకు చెప్పానుగా, స్టీరింగ్ ఆయిల్ తగ్గుతుంటే ముందు వైపర్ మోటార్ కింద చెయ్యి పెట్టి చూడు.

డల్లాస్‌లో ఉంటావు కాబట్టి ఏసీ గురించి. అప్పటి ఏసీలన్నీ ఆర్-12 గ్యాస్‌వి, ఈ దేశంలో దాని తయారీ 1995తో ఆపేశారు, మిగిలిన స్టాకు ఖరీదు, కొనాలంటే సర్టిఫికెట్ ఉండాలి. ఆర్-134ఏ అనే వేరే గ్యాస్‌కి మార్చుకుంటారు, హోసులు, డ్రయ్యర్, కంప్రెసర్ ఆయిల్ మార్చాలి, అయినా మీ ఆగస్టులో ట్రాఫిక్‌లో ఆగితే పాత కండెన్సర్‌తో అంత చల్లగా రాదు. కండెన్సర్ కూడా కొత్త రకం వేయించుకో, బయటికి కనపడదు.

క్రోమ్ దగ్గర నా కడుపుమంట ఒకటి ఉంది. బంపర్లు ఉక్కు కాబట్టి ఫర్వాలేదు, కానీ చిన్న చిన్న అలంకారాలు, లైట్ల చుట్టూ రింగులు, అక్షరాలు, ఇవన్నీ జింకు పోతపోసినవి, లోపల నుంచి గుంటలు పడతాయి. బాగు చెయ్యాలంటే పాత పూత తీసి, ప్రతి గుంటనీ గీకి, రాగి పూత వేసి సానపట్టి, మళ్ళీ రాగి వేసి, నికెల్ వేసి, చివర్లో క్రోమ్. చేతిపని అంతా, అందుకే చిన్న ముక్కకి కూడా పెద్ద బిల్లు. పర్యావరణం రూల్స్ వల్ల ప్లేటింగ్ షాపులు కూడా తగ్గిపోయాయి, ఉన్నవాళ్ళ దగ్గర నెలల తరబడి లైను. నేనిచ్చిన చోట నా వెనక లైటు రింగు ఒకటి ఎక్కడో పోగొట్టి, అసలు మీరు ఇవ్వనేలేదు అన్నారు. అదృష్టం కొద్దీ ఇచ్చే ముందు ప్రతి ముక్కనీ బల్ల మీద పరిచి ఫోటో తీసి, వాళ్ళ చేత లిస్టు మీద సంతకం పెట్టించుకున్నా కాబట్టి వాళ్ళే ఇంకోటి వెతికి తెచ్చారు. నువ్వూ అలాగే చెయ్యి. ఊడదీసిన ప్రతి మరనీ జిప్‌లాక్ కవర్లో వేసి మీద రాయి. బండిలో ఏ ట్రిమ్ (అలంకారం) ముక్కయినా లేదంటే దాని రేటు ముందే తగ్గించుకో, అది వెతకడానికి అక్టోబర్‌లో పెన్సిల్వేనియా హెర్షీలో జరిగే పాత కార్ల విడిభాగాల సంతకి వెళ్ళి ఎకరాల కొద్దీ బల్లలు తిరగాల్సి వస్తుంది. (సరదాగానే ఉంటుందనుకో. నేను ఏమీ అవసరం లేకపోయినా వెళ్తాను, మీ అత్తయ్యకి చెప్పకు.) ఇంకోటి, 61 నుంచి 63 దాకా పక్క అద్దాలు ఒంపు తిరిగి ఉంటాయి, 64 నుంచి బల్లపరుపు, అవీ ఇవీ కలవవు, తక్కువకి వస్తున్నాయని తప్పు సంవత్సరానివి కొనకు.

సగం విప్పి డబ్బాల్లో పెట్టి అమ్మే బండి మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు. ఎవడో నాలుగేళ్ళు చెయ్యలేక వదిలేసింది నువ్వు శనివారాల్లో చేసేస్తావా, ఇద్దరు చిన్నపిల్లలతో? నువ్వు చూసిన ఆ ఖరీదైన బండి నిజంగా అన్నీ పనిచేస్తుంటే అదే చౌక, ఎందుకంటే పెట్టాల్సిన డబ్బంతా ముందువాడు పెట్టేశాడు. బిల్లులు అడుగు, కాగితాలుంటే నమ్ము.

గ్యారేజీ కొలిచావా? బండి పొడవు 18 అడుగులు. కొత్త ఇళ్ళల్లో గ్యారేజీ లోతు 20 ఉంటే గొప్ప, అందులో మళ్ళీ మీ వాటర్ హీటర్, కాస్ట్‌కో సామాను. ఇన్సూరెన్స్ మామూలు పాలసీ వద్దు, హాగర్టీ లాంటి క్లాసిక్ కంపెనీల దగ్గర ముందే ఒప్పుకున్న విలువకి తీసుకో, లేకపోతే పాత బండి అని తరుగు లెక్కేసి చిల్లర చేతిలో పెడతారు. మైలేజీ గాలనుకి పది వస్తే పండగ చేసుకో.

ఆగస్టులో మూడో శనివారం వుడ్‌వార్డ్ డ్రీమ్ క్రూజ్ అని పాత కార్ల ఊరేగింపు ఉంటుంది, పిల్లల్ని తీసుకుని రా. ఈ బండి పుట్టిన విక్సమ్ ప్లాంటు మా నోవై పక్కనే ఉండేది, 57లో మొదలై 2007లో మూసేశారు. డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో కెనెడీ ఎక్కిన 61 కాంటినెంటల్ ఉంది, అదీ చూపిస్తా. నువ్వు బండి మీదే వస్తానంటే మా వెంకటేశ్వర స్వామి గుళ్ళో పూజ చేయిద్దాం, నిమ్మకాయలు తొక్కించడానికి ఆ బరువు చాలు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. ఆ అమ్మేవాడికి ఫోన్ చేసి, టాప్ కిందికి దిగి మళ్ళీ పైకి వచ్చేదాకా మధ్యలో కట్ చెయ్యకుండా, ఎవరూ చెయ్యి వెయ్యకుండా, ఒకే వీడియో తీసి పంపమను. నాలుగు కిటికీలు, సీట్లు, వైపర్లు, ఏసీ కూడా అలాగే. విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) ఫోటో, టైటిల్ (యాజమాన్యం కాగితం) ఫోటో పంపమను, రెండిట్లోనూ నంబరు కలవాలి. నంబరు 4వై86ఎన్ అని మొదలవ్వాలి, 4 అంటే 64, వై అంటే విక్సమ్, 86 అంటే కన్వర్టిబుల్. 86 ఉండాల్సిన చోట 82 ఉంటే అది సెడాన్‌ది, ఇంక మాట్లాడకుండా ఫోన్ పెట్టెయ్. అన్నీ వచ్చాక నాకు పంపు, ఆదివారం కూర్చుని చూసి రేటు మాట్లాడుకుందాం. అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకు.

మీ మావయ్య