కన్సిస్టెంట్ అంటే అన్నిచోట్లా నిలకడేనా?

సందేహం: ‘ఈ నిర్ణయం మా విధానంతో నిలకడగా ఉంది’ అని ఒక అనువాదంలో చదివాను. మూలంలో ‘కన్సిస్టెంట్’ అని ఉంది. దానికి నిలకడ అనడం సరైనదేనా?
– ఒక ఉపాధ్యాయిని, కావలి

సమాధానం: మాట మంచిదే, చోటు తప్పింది. ఆ పదానికి మూలమైన లాటిన్ క్రియ ‘కన్సిస్టెరె’కు గట్టిగా నిలవడం, కలిసి నిలవడం అనే అర్థాలున్నాయి. ఇంగ్లీషు ఈ రెంటినీ ఒక్క మాటలోనే ఇముడ్చుకొంది. తెలుగులో వేర్వేరు మాటలున్నాయి.

‘నిలు’ ధాతువు నుంచి రాకడ, పోకడల వరుసలో ఏర్పడిన నిలకడ, కాలం గడుస్తున్నా తీరు మారకపోవడాన్ని చెబుతుంది. ‘నిజం నిలకడ మీద తెలుస్తుంది’ అనే సామెతలోనూ కాలం ప్రసక్తి ఉంది. కాబట్టి ప్రతి పోటీలోనూ పరుగులు చేసే ఆటగాడు నిలకడగా ఆడుతున్నాడనడం ఒప్పు. సోమశిల జలాశయంలో నీటిమట్టం నిలకడగా ఉందన్నప్పుడు మాత్రం పెరగడమూ తరగడమూ లేదని భావం. అది ఇంగ్లీషువారి ‘స్టేబుల్’.

మీరు చూపిన వాక్యంలో కాలం ప్రసక్తి లేదు. ఒకదానితో మరొకటి విరోధించకుండా ఉండటమే అక్కడి విషయం. దానికి మనకున్నవి పొసగడం, పొంతన, అనుగుణం. ‘ఈ నిర్ణయం మా విధానానికి అనుగుణంగానే ఉంది’ అంటే సరిపోతుంది. అయితే అనుగుణం అనే మాట విధానాన్ని అనుసరించి నిర్ణయం తీసుకొన్నారనే భావాన్ని కూడా ఇస్తుంది కనుక, మూలంలో అంత లేకపోతే ‘విరుద్ధం కాదు’ అని ఊరుకోవడం మేలు. ఒక సాక్షి కందుకూరులో చెప్పిన అబద్ధాన్నే ఒంగోలులోనూ పొల్లుపోకుండా చెప్పాడనుకోండి: అతని మాటకు నిలకడ ఉంది, నిజంతో పొంతన లేదు. ఇంగ్లీషులో ఈ రెండుచోట్లా ఆ ఒక్క పదమే చెల్లుతుంది. తెలుగులో ఒకదాని చోట మరొకటి పెడితే వాక్యం చెడుతుంది.

గణితంలో దీనికి ‘సంగత’ అనే పారిభాషిక పదం ఉంది. రెండు సంఖ్యల మొత్తం 5 అని ఒక సమీకరణం, అదే మొత్తం 7 అని మరొక సమీకరణం చెబితే ఆ జత అసంగతం.

ఇక వంటింటి ‘కన్సిస్టెన్సీ’ సంగతి వేరు. పులుసుకు చిక్కదనం, దోసెపిండికి జారు, బెల్లానికి తీగపాకం, ముదురుపాకం అని దేని మాట దానికుంది. చేపల పులుసుకు ‘స్థిరత్వం’ రావాలని రాస్తే నెల్లూరులో గరిటె పట్టినవారెవరూ ఒప్పుకోరు.