అంచులు కత్తిరించకు, అమ్ములూ

చిరంజీవి అమ్ములుకి,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ రాజమండ్రిలో అందరం కులాసా. మీ అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది.

నువ్వు వాట్సాప్‌లో పంపిన బొమ్మ చూశాను. చేతిలోంచి టీ కప్పు జారిపోతున్న ఆవిడ, పక్కన పెద్ద గుండ్రంలో ఈదులాడుతున్న భయంకరమైన పురుగులు. “కొనొచ్చా మామయ్యా, ఫ్రేమ్ కట్టించి వంటింట్లో పెట్టుకుంటా” అన్నావు. కొనొచ్చో లేదో చెప్పడానికి నాకు కావలసిందంతా నువ్వు కత్తిరించి పారేసిన చోటే ఉంది. ఫోటో నీటుగా రావాలని నాలుగు అంచులూ తీసేశావు కదూ?

లండన్‌లో ఫ్రేములు కట్టే కొట్లో 24 ఏళ్లు పనిచేసినవాణ్ణి. కళల గురించి కాలేజీలో చదువుకోలేదు. కానీ 1800 ప్రాంతం నాటి ఈ వ్యంగ్య ప్రింట్లు కొన్ని వందలు నా బల్ల మీదకి వచ్చి వెళ్లాయి. వాటి దగ్గర నేను నేర్చుకున్నది ఒక్కటే: వీటిని అంచుల నుంచి లోపలికి చూడాలి. మధ్యలో ఉన్న లావుపాటి మనిషి ఎక్కడికీ పోడు, చివర్లో చూడొచ్చు.

నువ్వు పంపిన బొమ్మే తీసుకో. విలియం హీత్ అనే చిత్రకారుడు 1828లో వేసిన ‘మాన్‌స్టర్ సూప్’, అంటే రాక్షసుల సూప్, అది. థేమ్స్ నీళ్లకి ఆయన పెట్టిన పేరు. అప్పట్లో లండన్‌లో నీళ్ల కంపెనీలు ఆ నది నీళ్లే తోడి ఇళ్లకి పంపేవి. ఒక కంపెనీ అయితే చెల్సీ దగ్గర మురుగు కాలువ నదిలో కలిసే చోటికి పక్కనే నీళ్లు తోడేది. జనం గోల పెడితే ప్రభుత్వం కమిషన్ వేసింది, 1828లో దాని రిపోర్టు వచ్చింది. ఆ వేడిలో వేసిన బొమ్మ ఇది. ఒక్క చుక్క నీళ్లని భూతద్దంలో చూసి ఆవిడ హడలిపోయింది. ఇంతవరకు నీకూ అర్థమయ్యే ఉంటుంది.

కింది అంచులో ఏముందో తెలుసా? గొడుగుతో ఒక బుల్లి మనిషి వీధి పంపు ముందు నిలబడి టోపీ తీసి పలకరిస్తున్నాడు. నిన్ను చూడటం సంతోషం, లండన్‌లో ప్రతి పేటలోనూ నువ్వు కనబడాలి అని. అతని పేరు పాల్ ప్రై. అప్పటి ఒక నాటకంలో అందరి ఇళ్ల సంగతులూ ఆరా తీసే పాత్ర. హీత్ కొన్నాళ్లు తన పేరుకి బదులు ఈ బొమ్మనే సంతకంగా వాడాడు. మిగతావాళ్లు దాన్నీ కాపీ కొట్టడం మొదలెట్టాక మానేశాడు. కంపెనీ నీళ్ల కంటే వీధి పంపు నయమన్నది అతగాడి మాట. ఇందులో తమాషా ఏమిటంటే, 1854లో సోహోలో కలరా వచ్చి వందల మంది పోయినప్పుడు, డాక్టర్ జాన్ స్నో వేలెత్తి చూపించింది బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక వీధి పంపునే. ఈ బొమ్మ అమ్మిన కొట్టు హేమార్కెట్‌లో ఉండేది. అక్కణ్ణించి ఆ పంపు దగ్గరికి నడిచి వెళ్లిపోవచ్చు.

అంచులో ఇంకొకటి ఉంటుంది, సన్నటి అక్షరాల్లో ఒక లైను: ఫలానా తేదీన, ఫలానా వీధిలో ఫలానావారు అచ్చువేశారు అని. అది అలంకారానికి పెట్టింది కాదు. 1735లో హోగార్త్ అనే చిత్రకారుడు, ఆయనతోటివాళ్లు పోరాడి తెచ్చుకున్న చట్టం ప్రకారం, హక్కు కాపాడుకోవాలంటే తేదీ, హక్కుదారు పేరు బొమ్మ చెక్కి అచ్చు తీసే రాగి రేకు మీదే చెక్కి తీరాలి. దానివల్ల మనకి లాభం కలిగింది. ఏ నెలలో లండన్ దేని గురించి నవ్వుకుందో తేదీతో సహా తెలుస్తుంది. ఇంగ్లండు పాత బొమ్మల్లో ఇంత కచ్చితంగా తేదీ దొరికేవి చాలా తక్కువ.

ఆ తేదీలు ఒక్కోసారి ఒళ్లు జలదరించేలా చేస్తాయి. ఆ కాలపు వ్యంగ్య చిత్రకారుడు జేమ్స్ గిల్రే వేసిన ‘కౌ పాక్’ బొమ్మ చూడు. మశూచి రాకుండా ఆవు నుంచి తీసిన టీకా అప్పుడే కొత్త. వేయించుకున్నవాళ్ల చేతుల్లోంచి, మొహాల్లోంచి ఆవులు మొలుచుకొస్తున్నట్టు వేశాడు. కింద తేదీ 1802 జూన్ 12. మన దేశంలో మొదటి టీకా బొంబాయిలో ఒక మూడేళ్ల పాపకి వేశారు, 1802 జూన్ 14న. అక్కడ బొమ్మ కొట్టు కిటికీలోకి వచ్చిన రెండు రోజులకి ఇక్కడ పాప చేతికి టీకా పడింది. సరే, అదే బొమ్మలో వెనక గోడ మీద ఒక చిన్న పటం ఉంటుంది. జనం దూడ విగ్రహానికి మొక్కుతున్నారు, బైబిల్లో బంగారు దూడ కథ. టీకాని నెత్తిన పెట్టుకుంటున్నవాళ్ల మీద గిల్రే విసిరిన అసలు ఈటె గోడ మీద ఉంది, మధ్యలో లేదు.

అందుకే రెండో అలవాటు చేసుకో: గదిలో సీను కనిపిస్తే ముందు గోడలు చూడు. గిల్రేదే 1802లో ఇంకో బొమ్మ, మస్లిన్ గౌన్ల లాభాల మీద వెటకారం. పొయ్యిలోంచి జారిన ఎర్రటి ఇనప చువ్వ తగిలి ఒక దొరసాని పల్చటి గౌను భగ్గుమంటోంది. గోడ మీద పటంలో అగ్నిపర్వతం, వెసూవియస్, అదీ భగ్గుమంటోంది! ఆ గౌన్ల మస్లిన్‌లో మేలురకం ఢాకా నుంచి వెళ్లేది. మస్లిన్ అన్న పేరు మన మచిలీపట్నం నుంచి వచ్చిందని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు కానీ, నిఘంటువులు ఇరాక్‌లోని మోసుల్ పేరు చెబుతున్నాయి. మచిలీపట్నానికి కలంకారీ ఉంది, అది చాలు.

ఇక నోటిలోంచి బుడగల్లా వచ్చే మాటలు. అక్షరాలు వంకరటింకరగా ఉంటాయి, ఓపిక పట్టి చదువు. నాకు బాగా ఇష్టమైనది అదే కాలపు చిత్రకారుడు రోలండ్సన్ చెక్కిన గ్యాస్ దీపాల బొమ్మ, 1809 డిసెంబరుది. పాల్ మాల్ వీధిలో కొత్తగా గ్యాస్ దీపాలు పెట్టారు, జనం గుమిగూడి నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఒకాయన పెద్ద పంతులులా, బొగ్గుని ఆవిరి పట్టి పొగని నీళ్లలోంచి పోనిస్తే ఇలా వెలుగుతుంది అని వివరిస్తున్నాడు. అది విని ఒక ఐరిష్‌వాడు, నీళ్లలోంచి నిప్పు తెచ్చేవాడైతే రేపు థేమ్స్ నది కూడా తగలబడిపోతుంది, పాపం చేపలు మాడిపోతాయి అంటాడు. క్వేకర్ అనే క్రైస్తవ శాఖ భక్తుడొకడు, మనసు లోపలి వెలుగు ముందు ఇదెంత అంటాడు. వీధిలో ఒళ్లమ్ముకునే ఆడమనిషి, ఈ వెలుగు ఆపకపోతే మా దుకాణం మూసుకోవాల్సిందే అని వాపోతుంది. ఒక్క దీపానికి ఇన్ని రకాల బతుకులు! అప్పటి లండన్ గురించి లావుపాటి పుస్తకం చదివినా నాకు ఇంత తెలిసి ఉండేది కాదు.

కానీ ఇక్కడే ఒక మాట. ఆ ఐరిష్‌వాడు మొద్దులా ఎందుకు మాట్లాడతాడు? ఆ ప్రింట్లలో ఐరిష్‌వాడంటే మొద్దే, యూదుడంటే వడ్డీ పిసినారే, నల్లజాతి మనిషి అంటే వెక్కిరింతే. ముసలి ఆడవాళ్లని, లావు మనుషుల్ని వదిలిపెట్టింది లేదు. ఇది ఆ కాలం ఫోటో అనుకుని నమ్మేయకు. ఎవరు కొనేవాళ్లో వాళ్ల నవ్వు అది. రంగులు లేనిది ఒక షిల్లింగు, రంగులు వేసింది రెండు షిల్లింగులు మామూలు ధర. కూలి చేసుకునేవాడు ఆ డబ్బు పెట్టి బొమ్మ కొనడు. చీప్‌సైడ్‌లో టెగ్ అనే ఆయన తక్కువ ధరకి అమ్మేవాడు, కాస్త కింది తరగతి వాళ్లూ కొనేవారు. పికడిల్లీలో ఫోర్స్ కొట్టువాళ్లయితే బొమ్మల ఆల్బమ్‌ని సాయంత్రానికి అద్దెకిచ్చేవాళ్లు. మనం 1980ల్లో వీసీఆర్, నాలుగు క్యాసెట్లు ఒక రాత్రికి అద్దెకి తెచ్చుకుని వీధి వీధంతా కూర్చుని చూసేవాళ్లం కదా, ఇంచుమించు అలాగే. మీ అమ్మనడుగు, చెబుతుంది.

డబ్బులేనివాళ్లకి కొట్టు కిటికీ ఉండేది. గిల్రే 1808లో ఆ కిటికీనే బొమ్మ వేశాడు. సెయింట్ జేమ్స్ స్ట్రీట్‌లో హన్నా హంఫ్రీ అనే ఆవిడ కొట్టు. అప్పటికి గిల్రే బొమ్మలు దాదాపు అన్నీ అమ్మేది ఆవిడే, ఆయన ఉండేదీ ఆ కొట్టు పైనే. ముందు ఒక పెద్దాయన మంచు మీద కాలు జారి వెల్లకిలా పడుతున్నాడు, చేతిలో థర్మామీటరు మాత్రం నిటారుగా పట్టుకునే ఉన్నాడు. వెనక జనం కిటికీలో బొమ్మల్ని కళ్లప్పగించి చూస్తున్నారు. ఒక్కడూ ఇటు తిరగడు. ఆ కిటికీ అద్దాల్లో గిల్రే నిజంగా వేసిన బొమ్మలు ఉన్నాయి, గుర్తుపట్టొచ్చు. నేను మొదటిసారి చూసినప్పుడు పడిపోయే ఆయన్ని చూసి నవ్వుకుని ఊరుకున్నాను. కిటికీ చూడటం మొదలుపెట్టింది ఎన్నో ఏళ్ల తర్వాత.

మన వైపు వచ్చి వెళ్లిన దొరలు కూడా ఈ బొమ్మల్లో దొరుకుతారు. 1797లో గిల్రే ‘కౌంట్ రూపీ’ అని ఒకాయన్ని గుర్రం మీద హైడ్ పార్కులో ఊరేగించాడు. ఆయన పాల్ బెన్‌ఫీల్డ్. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు వచ్చి ఆర్కాటు నవాబుకి వడ్డీలకి అప్పులిచ్చి కోట్లకి పడగెత్తినవాడు. ఆ నవాబు ఏలుబడిలోనే అప్పుడు మన నెల్లూరు సీమ ఉండేది. ఇప్పుడు ఆ బొమ్మ చూడు. అప్పు తీర్చడానికి పన్ను కట్టిన రైతు అందులో ఎక్కడా లేడు, అంచులో కూడా లేడు. కొత్త దొర డాబు చూసి పాత దొరలు నవ్వుకోవడానికి వేసింది, అంతే. చివరికి బెన్‌ఫీల్డ్ దివాలా తీసి 1810లో పారిస్‌లో పోయాడు.

ఇక కొనే సంగతి. నేను మొదట మోసపోయిన తీరు చెబుతాను, నవ్వుకో. లండన్ వెళ్లిన కొత్తలో ఒక ఆదివారం సంతలో గిల్రే బొమ్మ కనిపించింది. అసలుదే అన్నాడు, వారం జీతం పోశాను. ఇంటికొచ్చి ఫ్రేమ్ విప్పితే వెనకవైపు ఇంకో బొమ్మ అచ్చయి ఉంది! తర్వాత తెలిసింది, గిల్రే పోయిన చాలా ఏళ్లకి బోన్ అనే ప్రచురణకర్త ఆ పాత రాగి రేకులు కొని, 1851 ప్రాంతంలో దళసరి కాగితం మీద మళ్లీ పుస్తకంగా వేశాడు. చాలావాటికి రెండు వైపులా బొమ్మలు ఉంటాయి, రంగులు ఉండవు. రేకు నిజమైనదే, గీత గిల్రేదే. ధర మాత్రం మొదటి అచ్చు ధరలో ఏ కొంచెమో ఉండాలి. పైగా అలాంటివాటికి ఈమధ్య ఎవరో రంగులు పూసి అమ్ముతుంటారు కూడా. కాబట్టి వెనకవైపు చూపించమని అడుగు. చూపించనంటే నమస్కారం పెట్టి వచ్చెయ్.

తర్వాత కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టి చూడు. 1794 తర్వాత ఇంగ్లండు కాగితాల్లో చాలావాటికి వాటర్‌మార్క్‌లో, అంటే వెలుతురులో కాగితం లోపల కనబడే గుర్తులో, సంవత్సరం ఉంటుంది. కింద లైనులో 1805 అని ఉండి, కాగితంలో 1818 కనిపిస్తే అది తర్వాత తీసిన అచ్చు. తప్పేం లేదు, ధర ఆ లెక్కన ఉండాలి. బొమ్మ చుట్టూ రేకు నొక్కుకున్న పల్లం కనబడుతుందేమో వేలితో కాదు, కంటితో చూడు. చాలామంది పాతకాలం వాళ్లు ఆల్బమ్‌లో అంటించడానికి ఆ పల్లం లోపలికి కత్తిరించేశారు. నువ్వు ఫోనులో చేసింది వాళ్లు కత్తెరతో చేశారు.

రంగుల గురించి టెన్షన్ పడకు. ఇవి ఒక్కొక్కటీ చేత్తో రంగులు వేసినవి. ఆడవాళ్లు, పిల్లలు కూర్చుని వేసేవాళ్లు. అందుకే అదే బొమ్మ ఒక కాపీలో పసుపు గౌను, ఇంకో కాపీలో గులాబీ గౌను ఉంటుంది. రెండూ నిజమే. కానీ ఎండ తగిలే గోడకి పెట్టకు. నేను ఫ్రేముల పనివాణ్ణయి ఉండి, క్రుక్‌షాంక్ అనే వ్యంగ్య చిత్రకారుడి బొమ్మ ఒకదాన్ని కిటికీ ఎదురుగా మేకు కొట్టి పెట్టాను. నాలుగేళ్లలో అందులోని షోకిలాగాడి ఎర్ర కోటు పాలిపోయి గంధం రంగుకి వచ్చింది. వంటింట్లో అయితే అసలు వద్దే వద్దు, తల్లీ. తాలింపు ఆవిరికి కాగితం ఉబ్బిపోతుంది. ఆవిడ థేమ్స్ నీళ్లకే అంత బెదిరింది, నీ సాంబారు ఘాటు ఏం తట్టుకుంటుంది?

డబ్బు పెట్టే ముందు ఒక శనివారం కూర్చుని బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైటులో ఆ బొమ్మ వెతుకు, ఉచితం. వాళ్ల పాత క్యాటలాగు 11 సంపుటాలు, 17 వేలకు పైగా బొమ్మలు. చివరి 7 సంపుటాలు ఒక్క ఆవిడ, డొరొతీ జార్జ్, రాశారు. బుడగల్లో మాటలు, గోడ మీది పటాలు, బల్ల కింది కుక్క, ఏదీ వదల్లేదు ఆ తల్లి. నువ్వు కొనబోయే కాపీని ఆ బొమ్మ పక్కన పెట్టి పోల్చు. గీతలు మసగ్గా ఉన్నా, కింద లైను లేకపోయినా నాకు చెప్పు.

ఈ ఆదివారం మళ్లీ కొట్టుకి వెళ్తావుగా. ఫ్రేమ్ విప్పమని మర్యాదగా అడిగి ముందు ఒకటి, వెనక ఒకటి, వెలుతురుకి పట్టి ఒకటి, మొత్తం మూడు ఫోటోలు తియ్యి. ఈసారి అంచులతో సహా. పంపు పక్కన గొడుగు మనిషి ఉన్నాడో లేడో ఫోన్ చేసి చెప్పు, రాత్రి పది దాకా మెలకువగానే ఉంటాను.

మీ
మామయ్య